చెంచా గోళ్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. నాకొకరు, మా తోడికోడలికొకరు. డాక్టరమ్మ ఇద్దరికీ ఒకే వారంలో తేదీలిచ్చింది. నాకు ఆ వారం రాకముందే నొప్పులొచ్చాయి. తనకి వారం దాటినా రాలేదు. మా అత్తయ్య రోజూ పొద్దున్నే తోడికోడలి పొట్ట మీద చెయ్యేసి, "ఏమమ్మా, అద్దె కట్టకుండా ఇంకెన్నాళ్లుంటావు లోపల?" అని అడిగేది.

రెండో అంతస్తులో ఇల్లు. హాలుకి ఒక పక్క మా గది, ఇంకో పక్క మరిది వాళ్లది. రెండు తలుపులూ ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో అత్తయ్య మంచం. మా ఆయనా మరిదీ కలిసి ఏసీలు బాగుచేస్తారు. ఎండాకాలం వాళ్లకి తిండికి కూడా తీరిక ఉండదు. ఊళ్లోవాళ్ల గదులన్నీ చల్లబరిచి, చొక్కాలు పిండుకుంటూ ఇంటికొచ్చేవాళ్లు. మా ఇంట్లో ఉన్నవి ఫ్యాన్లే.

నా పిల్ల పిడికిళ్లు బిగించి పుట్టింది. ఎవరు విప్పబోయినా విప్పేది కాదు. "ఏం దాచుకున్నావే అందులో, పిసినారీ?" అంది అత్తయ్య. ఆ పేరే ఖాయమైంది. తర్వాత వచ్చిన మరిది కూతురు గుండ్రంగా ఉందని బంతి అయింది.

బంతిని ఆస్పత్రి నుంచి తెచ్చినరోజు అత్తయ్య దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చేతులు చూసింది. గోళ్లు వేళ్ల కొసలు దాటి వచ్చాయి. బాదంపప్పుల్లా ఉన్నాయి.

"ఇటు రండర్రా, గోళ్లు చూడండి దీనివి! పార్లర్‌కి వెళ్లొచ్చి మరీ పుట్టినట్టుంది." నా వైపు తిరిగింది. "నీ కడుపున పుట్టాల్సింది దారి తప్పి దాని కడుపున పడిందే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిసినారి గోళ్లు వేళ్ల కొసల దాకా వచ్చి ఆగిపోయాయి. ఉల్లిపొరంత పల్చన.

నాది పార్లర్‌లో గోళ్ల పని. పెళ్లికి ముందునుంచీ అదే. ఎవరొచ్చినా ముఖం కంటే ముందు చెయ్యి చూస్తాను. మా ఆయన మొదటిసారి నాతో మాట్లాడటానికి వచ్చినప్పుడు గోళ్లలో గ్రీజు చూసి, పనిచేసే మనిషే అనుకున్నాను. మా ఓనరమ్మ నా చేతికి కత్తెర ఇవ్వకముందు గోరు చూడడం నేర్పింది. పసుపు తిరిగితే ఏమిటి, అడ్డంగా గీత పడితే ఏమిటి, మధ్యలో పల్లమైతే ఏమిటి. పల్లమైనదాన్ని చెంచా గోరు అనేది. అనుమానం వస్తే గోరు మీద నీటి చుక్క వెయ్యాలి. మామూలు గోరైతే జారిపోతుంది. చెంచా గోరైతే నిలుస్తుంది. నిలిచిందంటే ఆ మనిషి ఒంట్లో రక్తం లేనట్టు. రంగు వెయ్యకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. నేనలా ఒక టీచరమ్మని పంపాను. పరీక్ష చేస్తే నిజంగానే రక్తం లేదు. తర్వాత ఆవిడ పార్లర్‌కి వచ్చి, పని చేయించుకోకుండా, నా రెండు చేతులూ పట్టుకుని వెళ్లింది.

బంతి ఇంటికొచ్చిన మర్నాడు పిసినారికి స్నానం చేయించి తుడుస్తున్నాను. ఎడమకాలి బొటనవేలి గోరు మీద నీటి చుక్క కనిపించింది. కాలు కదిలించినా పోలేదు. తువ్వాలుతో అద్ది చూశాను. గోరు మధ్యలో పల్లం, అంచులు పైకి. పక్క వేళ్ల గోళ్లు సగం కండలో కూరుకుపోయి ఉన్నాయి. మందు చుక్కలు వేసే గొట్టంతో నీళ్లు తీసుకుని రెండో కాలి బొటనవేలి మీద వేశాను. నిలిచింది.

సాక్సులు తెచ్చి తొడిగాను.

"ఈ ఎండలో సాక్సులేంటే?" అంది అత్తయ్య. "పిల్ల ఆఫీసుకి పోవాలా?"

"కాళ్లు చల్లగా తగులుతున్నాయి అత్తయ్యా."

"మనందరివీ కాలిపోతుంటే దానివొక్కదానివే చల్లగా ఉన్నాయా? పెట్టి పుట్టింది."

మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"చుక్క నిలిస్తే ఏమైంది? తుడిచెయ్."

"రక్తం లేదేమో దానికి. నా రక్తమే కదా దానికి వచ్చేది. నా పాలే కదా తాగేది."

"నీకు మనుషుల కంటే గోళ్లు ఎక్కువయ్యాయి. ఆస్పత్రిలో చూశారుగా, పిల్ల దిట్టంగా ఉందన్నారుగా."

"వాళ్లు గోళ్లు చూళ్లేదు."

"అయితే తీసుకెళ్లి చూపించు."

చూపిస్తే వాళ్లు అవునంటారు. పక్కన అత్తయ్య ఉంటుంది. ఇంటికొచ్చి ఒకరి తర్వాత ఒకరికి చెబుతుంది. ఎదురు గదిలో బాదంపప్పు గోళ్ల పిల్ల ఉంటుంది.

రెండురోజులాగి అత్తయ్యతో, "నాకు పాలు చాలట్లేదు" అన్నాను. పాలు చాలుతున్నాయి. వాటిలో సత్తువ లేదనుకున్నాను నేను. ఆ మాట అనలేక ఈ మాట అన్నాను.

"దాంట్లో దిగులెందుకే?" అంది అత్తయ్య. "అక్కడ కుళాయి కట్టేవాళ్లు లేక కారిపోతోంది."

మా తోడికోడలు సినిమాహాల్లో టికెట్లిచ్చేది. కిటికీలోంచి చెయ్యి చాపడం అలవాటు. తన గది గుమ్మంలో నిలబడి అలాగే చెయ్యి చాపింది.

"ఇవ్వక్కా. రెండు పక్కలుండగా ఇద్దరికి ఏం తక్కువ?"

ఇచ్చాను. తను మంచం మీద కూర్చుని, ఎడమ పక్కన పిసినారిని పెట్టుకుంది. నా దగ్గర అది పట్టుకుంటుంది, వదులుతుంది, ఏడుస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. అక్కడ ఒక్కసారి పట్టుకుంది. గుటకలు గుమ్మం దాకా వినబడ్డాయి.

"ఎంత ఆకలిమీదుందో పాపం!" అంది తను. నన్నేమీ అనాలని అనలేదు. ఆ 'పాపం' మాత్రం నేను గదిలోకి మోసుకొచ్చుకున్నాను.

మొదట పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి అనుకున్నాం. తర్వాత మధ్యాహ్నం కూడా తనే అడిగి తీసుకుంది. పిసినారికి ఒళ్లు వచ్చింది. తొడల మీద మడతలు పడ్డాయి. మడత పడ్డప్పుడల్లా అత్తయ్య దాన్ని గిల్లి, "చిన్నదాని పాల మహిమ" అనేది. అంతకు ముందు తోడికోడలితో ఏది మాట్లాడినా, "పెద్దదాన్ని చూసి నేర్చుకో" అనడం ఆవిడ అలవాటు. ఆ వేసవిలో ఆ మాట మళ్లీ వినలేదు.

ఒక మధ్యాహ్నం తోడికోడలు లోపల్నుంచి పిలిచింది. "అక్కా, తొందరగా రా, చూడు!"

వెళ్లాను. పిసినారి పాలు తాగుతోంది. దాని కుడి చెయ్యి తోడికోడలి రొమ్ము మీద ఉంది. అయిదు వేళ్లూ విప్పి, పరిచి పెట్టింది.

"ఎవరే దీన్ని పిసినారన్నది?" అంది తను. "ఇదిగో, ఉన్నదంతా నాకిచ్చేస్తోంది."

"బాగుంది" అన్నాను. మా గదిలోకి వచ్చి, ఆరిన బట్టలు మడతపెట్టాను. మడతపెట్టినవి మళ్లీ విప్పి మడతపెట్టాను.

నాకు పాలు తగ్గాయి. ముందు చెప్పిన అబద్ధం ఇప్పుడు నిజమైంది. హాల్లో తోడికోడలి గొంతు వినబడితే పిల్ల తల అటు తిప్పేది. తన దగ్గర్నుంచి తెచ్చుకున్నప్పుడు దాని మెడ దగ్గర తను వాడే పౌడరు వాసన వచ్చేది. తడిగుడ్డతో తుడిచేదాన్ని. సాక్సులు మాత్రం రోజూ నేనే మార్చేదాన్ని. ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. తోడికోడలు ఒకట్రెండుసార్లు విప్పబోతే, "వద్దు, దానికి జలుబు చేస్తుంది" అన్నాను. తను సరేనంది. నా మాటంటే తనకి గురి.

ఆ రోజుల్లోనే బంతి నిద్రలో బుగ్గ గీరుకుంది. కంటి కింద ఎర్రగా గీత పడింది.

"ఇంట్లో గోళ్ల మనిషిని పెట్టుకుని పిల్ల ముఖం గీతలు పడ్డమేంటి?" అంది అత్తయ్య. "తియ్యవే వాటిని."

నా పెట్టె తెచ్చాను. అప్పటిదాకా బంతి చేతులు నేను దగ్గరగా చూళ్లేదు. చూడకుండా తప్పించుకున్నాను. పసిపిల్లల గోళ్లకి కత్తెర పనికిరాదు. మెత్తని ఆకురాయి పట్టీతో ఒకే వైపుకి రాయాలి. తోడికోడలు పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కింద కూర్చుని ఒక్కో వేలూ పట్టుకుని రాశాను. వేలి కొస దాకా వస్తే చాలు. నేను ఇంకాస్త లోపలికి రాశాను. పదో వేలు అయ్యేసరికి బంతి చేతులు పిసినారి చేతుల్లాగే ఉన్నాయి.

"కాళ్లవి కూడా చూడక్కా, పన్లో పని" అంది తోడికోడలు.

దాని కాలు అరచేతిలోకి తీసుకున్నాను. బొటనవేలి గోరు చూశాను. మధ్యలో పల్లం, అంచులు పైకి. పక్క వేలు చూశాను. కండలో కూరుకుపోయి ఉంది. రెండో కాలు చూశాను. పిసినారి గోళ్ల కంటే లోతు. అత్తయ్య తాగి పెట్టిన గ్లాసు పక్కనే ఉంది. అందులో వేలు ముంచి, గోరు మీద చుక్క వదిలాను. నిలిచింది. కాలు ఆడించింది బంతి. చుక్క అలాగే ఉంది.

ఎన్నాళ్లుగానో పట్టేసిన మెడ నరం వదిలినట్టయింది నాకు.

"దీనికి ఒంట్లో రక్తం లేదు" అన్నాను.

"ఏంటక్కా?"

"చెంచా గోళ్లు ఇవి. మా పనిలో ఇవి చూస్తే రంగు కూడా వెయ్యం. డాక్టరు దగ్గరికి పంపుతాం. టీచరమ్మ సంగతి చెప్పాగా."

తోడికోడలి మొహంలో రంగు పోయింది. బంతిని ఎత్తి గుండెకి అదుముకుంది. "నా పాలు ఇద్దరికిస్తున్నాననా అక్కా? దీనికి చాలట్లేదా?"

నాకా ఆలోచనే రాలేదు. "ఏమో" అన్నాను.

అత్తయ్య లేచి నిలబడింది. "నోటికొచ్చింది అనకండే. ముందు పిల్లాణ్ణి పిలవండి."

పిల్లాడంటే మరిది. పావుగంటలో వచ్చాడు, పనిసామాను బండితో సహా. నిచ్చెనా రాగి గొట్టాలూ పక్కకి తోసి వెనక కూర్చున్నాం ముగ్గురం, ఒళ్లో ఇద్దరు పిల్లలు. తోడికోడలు దారంతా బంతి కాలి బొటనవేలు పట్టుకునే కూర్చుంది. నేను పిసినారి సాక్సులు పైకి లాగాను.

అది టీకాలు వేసే రోజు. ఆస్పత్రి వరండాలో బెంచీల నిండా తల్లులు. డాక్టరమ్మ బంతి కనురెప్ప కిందికి లాగి చూసింది. పెదాలు చూసింది. అరచెయ్యి నొక్కి వదిలింది. వేలు గుచ్చి రక్తం తీయించి, అది చూసి వచ్చింది.

"నిండుగా ఉంది రక్తం. లేదని ఎవరన్నారు?"

"మా అక్క" అంది తోడికోడలు. "గోళ్ల పని తనది. చుక్క వేసి చూసింది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "పెద్దవాళ్లకైతే నువ్వన్నది ఆలోచించాల్సిందే. పసిపిల్లల గోరు కాగితంలా ఉంటుందమ్మా. కింద వేలు ఎలా ఉంటే అలా వంగుతుంది. కాలి గోళ్లు చాలామందికి ఇలాగే ఉంటాయి. నడక వచ్చాక, గోరు గట్టిపడ్డాక అవే సర్దుకుంటాయి."

"కండలోకి దిగినట్టున్నాయి కదండీ?" అన్నాను.

"వేలి కండ ఉబ్బుగా ఉండి అలా కనబడుతుంది. ఎర్రబడి వాస్తే తీసుకురా. లేదంటే వాటి జోలికి పోకు."

అత్తయ్యకి నమ్మకం కుదరలేదు. "చేతి గోళ్లు చూడండమ్మా ఎంత చక్కగా ఉండేవో! ఇవాళే తీయించాం."

"ఆలస్యంగా పుట్టింది కదా, లోపల ఎక్కువ రోజులు పెరిగాయి. అంతకు మించి ఏం లేదు."

టీకాల సిస్టరు పక్కనుంచి అంతా వింటోంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి బెంచీ దగ్గరికి నడిచింది. "మీకు చెబితే అర్థం కాదుగానీ, రండి ఇటు" అంటూ మొదటి తల్లి ఒళ్లో ఉన్న పిల్లాడి కాలు ఎత్తి చూపించింది. చెంచా. పక్కపిల్లది. చెంచా. మూడో పిల్లాడికి మామూలుగా ఉంది. నాలుగోది మళ్లీ చెంచా. నాలుగోదాని తర్వాత నేను నిలబడి ఉన్నాను, పిసినారితో.

"ఈ ఎండలో సాక్సులేంటమ్మా?" అని సిస్టరు రెండూ ఒకేసారి లాగేసింది. "ఇదిగో, నీ పిల్లకీ ఉన్నాయిగా. ఇంట్లో పెట్టుకుని ఊరంతా చూస్తావేం?"

బెంచీ మీద తల్లులు నవ్వారు. తోడికోడలు నవ్వలేదు. పిసినారి కాళ్లు చూసింది. సిస్టరు చేతిలో ఉన్న సాక్సులు చూసింది.

"ఇందుకా అక్కా సాక్సులు?"

సిస్టరు చేతిలోంచి సాక్సులు తీసుకున్నాను.

"అయితే పాలు..." అని ఆగిపోయింది.

"ఏ పాలు?" అంది అత్తయ్య.

డాక్టరమ్మ పనిలో పనిగా పిసినారిని కూడా చూసింది. దాని చేతి బొటనవేలు తిప్పి, గోరు మీద అడ్డంగా ఉన్న గీత చూపించింది. "దీన్ని చూసి మళ్లీ పరిగెత్తుకు రావద్దు. పుట్టిన తర్వాత చాలామందికి పడుతుంది. ఆ నాలుగు రోజులు ఒళ్లు అలిసి గోరు పెరగడం మందగిస్తుంది. గీతకి పైనున్నది కడుపులో పెరిగింది. కిందున్నది బయటికొచ్చాక పెరిగింది. పెరుగుతూ పెరుగుతూ గీతే పోతుంది."

బండిలో తిరిగి వస్తూ ఆ బొటనవేలు చూస్తూ కూర్చున్నాను. గీతకి పైనున్నది నాది. దిగువన ఉన్నది ఎదురుగా కూర్చున్నదాని పాలతో పెరిగింది. పైనున్నది రోజురోజుకీ తగ్గుతుంది. చివరికి నేనే దాన్ని ఆకురాయితో రాసి ఊదేస్తాను.

ఆ సాయంత్రం పాలవేళకి పిసినారిని మా గదిలోనే ఉంచుకున్నాను. తోడికోడలు గుమ్మంలోకి వచ్చి చేతులు చాపింది. చెయ్యి చాపే అలవాటు కదా.

"ఇక నేనే ఇస్తాలే" అన్నాను.

"నీకు లేవు కదక్కా."

"వస్తాయి. నోట్లో పెడుతూ ఉంటే వస్తాయంది సిస్టరు."

ఆ వారం సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. పిసినారి నా దగ్గర నోరు తెరిచి, రెండు గుటకలు చూసి, తల విదిల్చి ఏడ్చేది. ఎదురు గదిలో బంతిని జోకొట్టే మాట వినబడితే ఇంకా ఏడ్చేది. మా ఆయన ఫ్యాన్ కింద తల పట్టుకుని కూర్చుని, "పట్టుదలకి పోకు, ఒక్కపూట ఇవ్వు" అన్నాడు. అత్తయ్య డబ్బా పాలు కలిపి తెచ్చేది. కొంచెం అవి, కొంచెం నావి. అప్పుడప్పుడూ మంచం మీద కూర్చుని రెండు తలుపుల వైపూ చూసి, "ఒక్క ఇంట్లో ఇదేం చోద్యమే" అనేది. సరిగ్గా ఎవర్ని తిట్టాలో తెలియక ఫ్యాన్‌ని తిట్టేది.

ఎండలు తగ్గేసరికి మరిది వాళ్లు వేరే ఇంటికి మారారు. అడిగినవాళ్లకి ఇల్లు ఇరుకైందని చెప్పాం. ఇరుకన్నది నిజమే. కానీ తోడికోడలు సామాను సర్దడం మొదలుపెట్టింది ఆ వారం చివర ఒక మధ్యాహ్నం తర్వాత.

ఆ మధ్యాహ్నం మగవాళ్లిద్దరూ పనిలో ఉన్నారు. అత్తయ్య హాల్లో గోడవైపు తిరిగి పడుకుంది. పిసినారి ఏడవకుండా నోరు పెట్టింది. పట్టుకుంది. వదల్లేదు. కాసేపటికి గుటక వినబడింది. ఇంకోటి. తర్వాత ఆగకుండా. నేను కదల్లేదు. వీపు మీద చెమట కారుతుంటే తుడుచుకోలేదు. అది తాగడం అయిపోయాక తనంతట తనే వదిలి, నా ఒళ్లో కాళ్లు తన్నుకుంటూ ఆడుకుంది. గడ్డం మీద పాలు. నా పాలు.

తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడైంది. దాన్ని ఎత్తుకునే వెళ్లి తీశాను.

తోడికోడలు తువ్వాలు గుండెకి అదిమి పట్టుకుని నిలబడి ఉంది. జాకెట్టు తడిసిపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒంటి వేడి ఇవతలికి తగిలింది.

"అక్కా, బంతి తాగి పడుకుంది" అంది మెల్లగా. "రెండో పక్క గడ్డలు కట్టేసింది. చెయ్యి తగిలితే ప్రాణం పోతోంది. పిండినా రావట్లేదు. ఒక్కసారి దాన్ని ఇస్తావా? ఒక్కసారే."

పిసినారి ఆ గొంతు విని తల తిప్పింది. పిడికిలి విప్పింది.

"నిద్రపోయింది" అన్నాను.

తను దాని ముఖంలోకి చూసింది. అది తన ముఖంలోకి చూసింది, కళ్లు రెండూ తెరిచి. తోడికోడలు తువ్వాలు సర్దుకుంది.

"అవునక్కా. నిద్రపోయింది. లేపకు."

హాలు దాటి తన గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకోలేదు. గోడకి నుదురు ఆనించి నిలబడటం కనిపించింది. నేను మా తలుపు వేసి, మంచం మీద కూర్చున్నాను. పిసినారిని నా వైపు తిప్పుకున్నాను. అది మళ్లీ తలుపు వైపు తిరిగింది.